రెండు మార్కుల ప్రశ్న కాదిది



హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని మీరు అడిగినప్పుడు మేము నలుగురం ఫోన్లో మాట్లాడుకున్నాం. ఒకప్పుడు ఒకే గదిలో ట్రంకు పెట్టెల మధ్య చాపలు పరుచుకొని పడుకున్నవాళ్ళం. ఈరోజు మాలో ఒకరు వ్యవసాయ శాఖలో పనిచేస్తున్నారు. ఒకరు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతున్నారు. ఒకరు ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్. ఇంకొకరు ఊళ్ళోనే ఉండి నాలుగెకరాలు గుత్తకు చేస్తున్నారు. పాత జ్ఞాపకాలు రాద్దామా, బాగా చదువుకోండని నాలుగు నీతులు రాద్దామా అని ఆలోచించాం. జ్ఞాపకాలు ప్రతి సంచికలోనూ వస్తూనే ఉంటాయి. నీతులు మీరు వార్డెన్ సారు దగ్గర రోజూ వింటూనే ఉంటారు. అందుకని ఒక అభిప్రాయం రాస్తున్నాం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. చదివి, మాతో వాదించండి.

మా అభిప్రాయం ఇదీ. సెనక్కాయ వేరుకు ఉండే బుడిపె గురించి బళ్ళో మనకు చెప్పేది సగమే. మిగతా సగం ఆ బుడిపె వెనక ఉన్న జన్యువుల సంగతి. అది అందరికన్నా ముందు మన హాస్టల్ పిల్లలకు తెలియాలి. ఎందుకో చెబుతాం.

చేతికి తెలుసు, నోటుబుక్కుకు తెలియదు

దసరా సెలవులకు ఇంటికి పోతే మాకు సెలవులు లేవు. అది సెనక్కాయ పీకే కాలం. అమ్మానాన్నలతో పాటు కూలికి పోయేవాళ్ళం. మొక్క పీకి, మట్టి దులిపి, బుడ్డలు కోసి గంపలో వేయాలి. ఆ పనిలో వేళ్ళకు మొదట తగిలేవి బుడ్డలు కావు, వేరుకు ఆవగింజల్లా అంటుకొని ఉండే చిన్న చిన్న బుడిపెలు. గోటితో నలిపితే లోపల ఎర్రగా ఉండేది. అది వేరుకు వచ్చిన పుండేమో అనుకునేవాళ్ళం. అడిగితే పెద్దవాళ్ళు, "ఆ కాయ అట్లే ఉంటుంది, నువ్వు పని చూడు" అనేవాళ్ళు. కానీ ఆ పెద్దవాళ్ళే, సెనక్కాయ వేసిన చేన్లో మరుసటి ఏడు జొన్న బాగా వస్తుందని కూడా చెప్పేవాళ్ళు.

సెలవులైపోయి హాస్టలుకు వచ్చాక పదో తరగతిలో ఒక జవాబు బట్టీ పట్టాం. "లెగ్యూమ్ మొక్కల వేరు బుడిపెలలో రైజోబియం బాక్టీరియా నివసించి నత్రజనిని స్థాపించును. మొక్క దానికి ఆహారము ఇచ్చును. దీనినే సహజీవనం అందురు." రెండు మార్కులు. మాకు రెండుకు రెండూ వచ్చాయి. కానీ మా గోళ్ళకింద ఎర్రగా అంటుకున్నదీ, ఈ జవాబులో రాసిందీ ఒకటేనని మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. బొమ్మ వేయమంటే పుస్తకం చూసి వేశాం తప్ప, ఒక్క సెనక్కాయ మొక్కను బడికి తెచ్చుకున్నది లేదు.

మా కోపం ఏ ఒక్క మాస్టారి మీదా కాదు. కూలి పని వేరు, చదువు వేరు అని అందరమూ నమ్మాం. మన చేతికి తెలిసిన దాన్ని మనమే చదువు కాదనుకున్నాం. అది మన నష్టం.

పుండు అనుకున్నది మేము మాత్రమే కాదు

బుడిపెను జబ్బు అనుకున్నందుకు మనం సిగ్గుపడనక్కర్లేదు. 1679లో ఇటలీకి చెందిన మాల్పీజీ అనే గొప్ప శాస్త్రవేత్త ఈ బుడిపెల బొమ్మలు గీసి, ఇవి పురుగుల వల్ల ఆకుల మీద వచ్చే కాయల్లాంటివే అనుకున్నాడు. ఆ తరువాత రెండు వందల ఏళ్ళకు గాని నిజం బయటపడలేదు. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్, తన సహచరుడు విల్‌ఫార్త్‌తో కలిసి చేసిన ప్రయోగాల ఫలితాలు చెప్పాడు. బఠాణీ లాంటి మొక్కలు గాలిలోని నత్రజనిని వాడుకోగలవనీ, బుడిపెలు లేకపోతే వాడుకోలేవనీ తేల్చాడు. 1888లో హాలండులో బైయరింక్ ఆ బాక్టీరియాను విడిగా పెంచి చూపించాడు.

గాలిలో 78 శాతం నత్రజనే. మనం పీల్చేదాంట్లో ముప్పాతిక పైగా అదే. అయినా అది మనకు గాని, మొక్కకు గాని పనికిరాదు. నత్రజని అణువులో రెండు పరమాణువులు మూడు బంధాలతో బిగుసుకొని ఉంటాయి. ఆ ముడి విప్పడం మొక్కకు చేతకాదు. ఫ్యాక్టరీలో విప్పాలంటే ఎక్కువ వేడి, ఎక్కువ ఒత్తిడి కావాలి. జర్మనీలో 1913లో మొదలైన ఆ పద్ధతితోనే ఈరోజుకూ అమ్మోనియా తయారు చేసి, దాన్నుంచి యూరియా చేస్తున్నారు. అదే ముడిని సెనక్కాయ వేరులోని బాక్టీరియా మన కాళ్ళకింద, మామూలు మట్టి వేడిలో విప్పుతుంది. మధ్యాహ్నం మన ప్లేట్లో పడే పప్పులోని మాంసకృత్తులకు మూలం అదే.

పిలుపూ, జవాబూ

"మొక్క ఆహారం ఇచ్చును, బాక్టీరియా నత్రజని ఇచ్చును" అన్నప్పుడు ఇద్దరు స్నేహితులు చేతులు కలిపినట్టు అనిపిస్తుంది. జన్యువుల సంగతి తెలిస్తే అంత సులువు కాదని అర్థమవుతుంది.

మట్టిలో కోట్ల బాక్టీరియా ఉంటాయి. అందులో రోగం తెచ్చేవీ ఉంటాయి. ఎవరిని లోపలికి రానివ్వాలో మొక్క తేల్చుకోవాలి. నత్రజని కొరత ఉన్నప్పుడు పప్పుజాతి మొక్క వేరు నుంచి ఫ్లావనాయిడ్లు అనే పదార్థాలను మట్టిలోకి వదులుతుంది. అది పిలుపు. సరిపోయే బాక్టీరియాలో నాడ్-డి అనే జన్యువు తయారుచేసే ప్రొటీన్ ఆ పిలుపును గుర్తుపట్టి, మిగతా నాడ్ జన్యువులను పనిలోకి దించుతుంది. వాటిలో నాడ్-ఎ, నాడ్-బి, నాడ్-సి అనే మూడూ కలిసి ఒక సంకేత పదార్థం వెన్నెముకను తయారు చేస్తాయి. దాన్ని నాడ్ ఫ్యాక్టర్ అంటారు. రొయ్య పెంకులో ఉండే కైటిన్ లాంటి చిన్న చక్కెర గొలుసు, దానికొక కొవ్వు ఆమ్లం తోక. దాని నిర్మాణాన్ని 1990లో ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ గొలుసుకు తగిలించే చిన్న చిన్న తునకలు ఒక్కో రకం బాక్టీరియాలో ఒక్కోలా ఉంటాయి. లూసర్న్ గడ్డితో కలిసే బాక్టీరియా ఆ గొలుసుకు ఒక సల్ఫేటు తునకను తగిలించకపోతే లూసర్న్ దాన్ని గుర్తుపట్టదు.

అది జవాబు. ఆ జవాబును చదవడానికి మొక్కలోనూ జన్యువులు ఉండాలి. 2003లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు లోటస్ అనే పప్పుజాతి మొక్కలో ఆ గ్రాహకాలను తయారుచేసే రెండు జన్యువులను కనుక్కున్నారు. అవి చెడిపోయిన మొక్కకు బాక్టీరియా ఎంత పిలిచినా వినపడదు, బుడిపె రాదు.

ఇక్కడ మన సెనక్కాయ గురించి ఒక మాట. పుస్తకంలో మూలకేశం వంకర తిరిగి, దాంట్లోంచి బాక్టీరియా లోపలికి పోయే బొమ్మ ఉంటుంది. అది బఠాణీ, లూసర్న్ లాంటి వాటి సంగతి. సెనక్కాయలో ఆ దారి కాదు. పక్కవేర్లు పొడుచుకొచ్చే చోట పడే సందుల్లోంచి బాక్టీరియా లోపలికి పోతుంది. అందుకే సెనక్కాయ బుడిపెలు పక్కవేరు మొదట్లో కూర్చొని ఉంటాయి. ఈసారి పీకినప్పుడు చూడండి. మనం చిన్నప్పటి నుంచి చేతిలో పట్టుకున్న మొక్కకు, పరీక్షలో వేసిన బొమ్మకు పొత్తు లేదు. ఈ సంగతి తెలిసినప్పుడు మాకు నవ్వూ వచ్చింది, బాధా కలిగింది.

ఎరుపు ఎవరిది?

లోపలికి పోయాక అసలు పని మొదలవుతుంది. నత్రజని ముడి విప్పే ఎంజైమ్ పేరు నైట్రోజినేజ్. దాన్ని తయారుచేసే ముఖ్యమైన జన్యువులు నిఫ్-హెచ్, నిఫ్-డి, నిఫ్-కె. ఇవి బాక్టీరియావి. ఆ ఎంజైములో ఇనుమూ, మాలిబ్డినమూ ఉంటాయి. దానికి ఒక పెద్ద బలహీనత ఉంది. ఆక్సిజన్ తగిలితే చెడిపోతుంది. కానీ బాక్టీరియా బతకడానికి ఆక్సిజన్ కావాలి.

ఈ చిక్కు విప్పేది మొక్క. లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఆక్సిజన్‌ను పట్టుకొని, ఎంత కావాలో అంతే బాక్టీరియాకు అందిస్తుంది. దాని జన్యువు మొక్క దగ్గరే ఉంది. అది మన నెత్తురులోని హీమోగ్లోబినుకు చుట్టం. గోటితో నలిపినప్పుడు మాకు కనబడిన ఎరుపు అదే. ముడి విప్పే పనిముట్టు బాక్టీరియాది, ఆ పనిముట్టు చెడకుండా కాపాడేది మొక్కది. ఒకరు లేకుండా ఇంకొకరి జన్యువు ఉన్నా ప్రయోజనం లేదు.

ఈ పరిశోధనలో మన ప్రాంతానికీ చోటుంది. 1972లో పటాన్‌చెరులో ఏర్పడిన ఇక్రిశాట్‌లో శాస్త్రవేత్తలు బుడిపెలు అసలే రాని సెనక్కాయ మొక్కలను గమనించి, వాటి వంశపారంపర్యాన్ని పరిశీలించి 1980లో ప్రకటించారు. బుడిపెలు రాకపోవడానికి కారణం అంతర్గత జన్యువులు. మీరు మెండల్ పాఠంలో 9:3:3:1 చదివారు కదా. ఒకే పని చేసే రెండు జతల జన్యువులు ఉండి, రెండు జతలూ చెడితేనే లోపం కనబడుతుంది అనుకోండి. అప్పుడు రెండో తరంలో 16 మొక్కలకు ఒక్కటే లోపంతో పుడుతుంది, 15:1. సెనక్కాయలో ఇలా జంట జన్యువులు ఎందుకుంటాయంటే, అది రెండు అడవి జాతుల కలయికతో పుట్టిన మొక్క. ఆ రెండు అడవి జాతుల జన్యుపటాలు 2016లో, మనం పండించే సెనక్కాయ జన్యుపటం 2019లో వెలువడ్డాయి. మెండల్ బఠాణీ మనలో చాలామంది చూడలేదు. ఈ లెక్కను సెనక్కాయతో చెబితే ఏ పిల్లవాడు మర్చిపోతాడు?

"రక్తంలో ఉండాలి" అనేవాళ్ళకు

ఇప్పుడు అసలు సంగతికి వస్తాం. మనలో చాలామంది ఈ మాట విని ఉంటారు. "చదువు రక్తంలో ఉండాలి. వాళ్ళకు ఎన్ని ఇచ్చినా అంతే." మేము విన్నాం. బస్సులో విన్నాం, ఆఫీసుల్లో విన్నాం, చదువుకున్నవాళ్ళ నోటే విన్నాం. ఈమధ్య రక్తం అనే మాటకు బదులు జీన్స్ అంటున్నారు. సైన్సు చెప్పినట్టు ఉంటుందని.

సైన్సు ఏం చెబుతోందో ఈ బాక్టీరియా దగ్గరే చూద్దాం. న్యూజిలాండులో ఒక పొలంలో లోటస్ మొక్కలు వేశారు. ఆ మట్టిలో దానికి సరిపడే బాక్టీరియా లేదు కాబట్టి ఒకే ఒక్క రకాన్ని విత్తనానికి పట్టించి వేశారు. ఏడేళ్ళ తరువాత బుడిపెలు తెరిచి చూస్తే, వాటిలో రకరకాల బాక్టీరియా ఉంది. అవి పట్టించిన రకం సంతానం కావు. ఆ మట్టిలో ముందు నుంచీ ఉన్నవే. బుడిపె కట్టడం వాటికి అంతకు ముందు రాదు. పట్టించిన బాక్టీరియా నుంచి దాదాపు ఐదు లక్షల అక్షరాల డీఎన్ఏ ముక్క, నాడ్ జన్యువులతో సహా, వాటిలోకి వచ్చి చేరింది. 1995లో ఈ సంగతి ప్రకటించారు. ఆ ముక్కకు సహజీవన ద్వీపం అని పేరు పెట్టారు. మరికొన్ని రకాల్లో ఈ జన్యువులు ప్లాస్మిడ్ల మీద ఉంటాయి. 2001లో లూసర్న్ బాక్టీరియా జన్యుపటం పూర్తయినప్పుడు, దాని క్రోమోజోమ్ కాక రెండు పెద్ద ప్లాస్మిడ్లు ఉన్నాయనీ, నాడ్, నిఫ్ జన్యువులు అందులో ఒకదాని మీదే ఉన్నాయనీ స్పష్టంగా కనబడింది.

అంటే ఈ బాక్టీరియా ప్రపంచంలో గొప్ప నేర్పు తల్లి నుంచి బిడ్డకే రావాలని లేదు. పక్కవాడి నుంచి కూడా వస్తుంది. నిన్నటిదాకా చేతకానిది ఈరోజు చేస్తుంది.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. బాక్టీరియాను చూపించి మనుషుల గురించి తీర్పు చెప్పడం సరి కాదు. మనిషికి చదువు జన్యువుల ముక్కగా రాదు, పుస్తకం నుంచి, గురువు నుంచి, పక్కన చాప మీద పడుకున్న మిత్రుడి నుంచి వస్తుంది. మాలో ఒకరికి ఇంగ్లీషు నేర్పింది మాలోనే ఇంకొకరు. కులానికి జన్యువు లేదు. మేము చెప్పేది ఇంతే. జన్యుశాస్త్రం పేరు చెప్పి మన నోరు మూయించాలని చూసేవాళ్ళకు జన్యుశాస్త్రమే తెలియదు. తెలిసినవాడితో అలా మాట్లాడలేరు. అందుకే ఈ పాఠం మనకు ముందు తెలియాలి అంటున్నాం.

సర్కారు తిండి

రెండో మాట ఇంకా కష్టమైనది. "సర్కారు తిండి తిని పెరిగినోళ్ళు." ఈ మాట పడని హాస్టల్ విద్యార్థి ఉండడు.

మొక్క బాక్టీరియాకు పెట్టేది ఉచితం కాదు. ఒక్క నత్రజని అణువు ముడి విప్పడానికి 16 ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. ఆ శక్తి అంతా మొక్క ఆకుల్లో తయారైన చక్కెర నుంచి రావాలి. అందుకే మొక్క లెక్క చూసుకుంటుంది. ఎన్ని బుడిపెలు చాలో ఆకుల దగ్గర నిర్ణయమవుతుంది. ఆ నిర్ణయం తీసుకునే జన్యువు చెడిపోయిన సోయా మొక్కలను 1985లో ప్రకటించారు. వాటికి బుడిపెలు గుత్తులు గుత్తులుగా వస్తాయి, కానీ మొక్క మాత్రం గిడసబారిపోతుంది.

ఇంకొక ప్రయోగం 2003లో అమెరికాలో జరిగింది. సోయా బుడిపెల చుట్టూ ఉన్న గాలిలో నత్రజనిని తీసేసి ఆర్గాన్ నింపారు. పాపం, బాక్టీరియాకు పని చేయాలంటే ముడిసరుకు లేదు. నత్రజని ఇవ్వలేకపోయింది. అప్పుడు మొక్క ఆ బుడిపెలకు ఆక్సిజన్ తగ్గించింది. వాటిలో బాక్టీరియా సంతానం సుమారు సగానికి పడిపోయింది. పని చేయనివాడికి పెట్టదు అన్నమాట.

ఇది రాస్తుంటే మాలో మాకే వాదన వచ్చింది. ఒకరు అన్నారు: "అయితే చదవని పిల్లవాడికి హాస్టల్లో అన్నం ఆపేయమని అర్థం వస్తుంది కదా, ఇది రాయొద్దు." ఇంకొకరు అన్నారు: "రాయాలి. ఆ ప్రయోగంలో తప్పు ఎవరిదో చూడు." నిజమే. ఆ బాక్టీరియా సోమరిది కాదు. దానికి గాలి అందకుండా చేసింది మనుషులు. మొక్కకు కారణం అడిగే నోరు లేదు కాబట్టి ఫలితం చూసి శిక్ష వేసింది. మనిషికి నోరుంది. అడగవచ్చు.

మా గదిలో మాతో పాటు ఐదోవాడు ఒకడుండేవాడు. లెక్కల్లో మాకు చెప్పేవాడు. పదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షల్లో తప్పాడు. సంక్రాంతికి ఇంటికి పోయి తిరిగి రాలేదు. రిజిస్టర్లో పేరు కొట్టేశారు. వాళ్ళ నాన్న మంచం పట్టాడనీ, వాడు బెంగుళూరులో కట్టడం పనికి పోయాడనీ మాకు ఏడాది తరువాత తెలిసింది. ఎందుకు రాలేదని ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు. వాడికి గాలి అందలేదు, మనం ఫలితం చూసి పేరు కొట్టేశాం. ఇప్పటికీ ఆ తప్పులో మా భాగం ఉందనే అనుకుంటున్నాం.

కాబట్టి సర్కారు తిండి అనేవాళ్ళకు మా జవాబు ఇది. అన్నం పెట్టడం దయ కాదు, అది పని జరగడానికి కావలసిన ఏర్పాటు. పప్పు పండించినవాళ్ళలో మన అమ్మానాన్నలూ ఉన్నారు. ఇక మనకు మనం చెప్పుకోవలసింది కూడా ఉంది. తిన్నదానికి బదులు ఇవ్వాల్సిన బాధ్యత మన మీద ఉంది. ఉద్యోగం వచ్చాక హాస్టల్ పేరు చెప్పడానికి వెనకాడేవాళ్ళు మనలో ఉన్నారు. అది మంచిది కాదు.

ప్యాకెట్టూ, బస్తా

2025 వానాకాలంలో తెలంగాణ జిల్లాల్లో యూరియా కోసం రైతులు తెల్లవారకముందే వచ్చి బారులు తీరడం పత్రికల్లో చూశాం. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం లెక్కన దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. అది చూసి కొందరు, రైజోబియం ప్యాకెట్ వేస్తే యూరియానే అక్కర్లేదు అని ప్రచారం చేస్తారు. మాలో వ్యవసాయ శాఖలో ఉన్న మిత్రుడు ఈ మాట గట్టిగా రాయమన్నాడు: అది నమ్మవద్దు.

ప్యాకెట్లో ఉన్నది ప్రాణమున్న సరుకు. నిబంధనల ప్రకారం గ్రాముకు కనీసం ఐదు కోట్ల బాక్టీరియా బతికి ఉండాలి. ఎండలో పెట్టిన ప్యాకెట్లో ఏముంటుంది? బెల్లం నీళ్ళతో విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టి, వెంటనే వేయాలి. అలా చేసినా, మట్టిలో ముందే ఉన్న పాత బాక్టీరియా పోటీకి వస్తుంది. అది బుడిపె కట్టడంలో ముందుండి, నత్రజని ఇవ్వడంలో వెనకుండవచ్చు. నాడ్ జన్యువులు బాగుండడం వేరు, నిఫ్ పని బాగా జరగడం వేరు. బుడిపె ఉందా అని చూస్తే చాలదు, లోపల ఎర్రగా ఉందా అని చూడాలి. ఇంకా, ఒక పైరు బాక్టీరియా ఇంకొక పైరుకు పనికి రాకపోవచ్చు. యూరియా ఎక్కువ వేసిన చేన్లో మొక్క బుడిపెలు తగ్గించుకుంటుంది. కొన్నదాన్ని తినేవాడు వండుకోడు కదా.

అలాగే, పప్పుజాతి పైరు వేస్తే భూమి దానంతటదే బలపడుతుందనేది కూడా పూర్తి నిజం కాదు. బుడ్డలు మార్కెట్టుకు, కట్టె పశువులకు పోతే నత్రజనిలో ఎక్కువ భాగం చేను దాటిపోయినట్టే. జీలుగ, జనుము, పిల్లిపెసర వేసి పూతకు రాగానే దున్నితే ఆ బలం చేన్లోనే ఉంటుంది. ఈ తేడా తెలియకుండా మంచి మాట చెప్పినా రైతు మోసపోతాడు.

మేము అడిగేది

హాస్టల్ వెనక, చేతులు కడిగే నీళ్ళు పారే చోట ఖాళీ జాగా ఉంది. అక్కడ మూడు చిన్న మడులు కట్టండి. మూడింట్లోనూ అలసంద వేయండి. ఒకదానికి ఏమీ వేయవద్దు. ఒకదానికి యూరియా వేయండి. మూడోదానికి రైజోబియం పట్టించిన విత్తనం వేయండి. నలభై రోజులకు ఒక్కో మడిలో పది మొక్కలు వేరు తెగకుండా తవ్వి తీయండి. బుడిపెలు లెక్కపెట్టండి. బ్లేడుతో కోసి రంగు చూడండి. ఎరుపో గులాబీయో ఉంటే పని జరుగుతోంది. తెల్లగా ఉంటే జరగడం లేదు. ఆకుపచ్చగానో గోధుమ రంగుగానో ఉంటే పని అయిపోయి ముసలిదైంది. లెక్కలన్నీ తేదీలతో నోటుబుక్కులో రాయండి. మేము చెప్పినట్టు రాకపోతే ఇంకా మంచిది. ఎందుకు రాలేదో వెతకండి. సైన్సు అక్కడే మొదలవుతుంది.

విత్తనాలు, కల్చర్ ప్యాకెట్లు, ఒక మంచి భూతద్దం మేము తెస్తాం. వార్డెన్ సారు ఒప్పుకుంటే వచ్చే సంచికలో మీ లెక్కలు అచ్చు కావాలి. పూర్వ విద్యార్థుల్లో ప్రతి బ్యాచీ ఇలాంటి ఒక్క పని తలకెత్తుకుంటే, వార్షికోత్సవం నాడు శాలువాలు కప్పుకోవడం కన్నా మేలు.

వరికి, మొక్కజొన్నకు కూడా ఈ నేర్పు ఇవ్వాలని ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలలు కష్టపడుతున్నాయి. పిలుపు వినే జన్యువులు, బుడిపె కట్టే జన్యువులు, ఆక్సిజన్ కాపలా కాసే జన్యువులు, అన్నీ ఒకచోట కుదరాలి. ఇంకా కుదరలేదు. ఆ పని చేసేవాళ్ళలో సెనక్కాయ పీకిన చేయి ఒకటి ఉండాలని మా కోరిక. అది మీలో ఎవరిదో కావచ్చు.

చివరిగా ఒక్క మాట. ఈ సంచిక మీ చేతికి వచ్చేసరికి మీ గదిలో ఎవరైనా పండగకు పోయి తిరిగి రాకపోయి ఉంటే, వాళ్ళ ఊరికి ఒక్కరైనా పోయి రండి. ఎందుకు రాలేదో అడగండి. బస్సు ఛార్జీలు మేము పంపుతాం.

ఇట్లు,
మీ అన్నలం, పూర్వ విద్యార్థులం